టూ-బాల్ పటర్ రివ్యూ: అనికా బ్యాగులో ఉన్నది మీ బ్యాగులోకీ రావాలా?

పటర్ అంటే గోల్ఫ్‌లో బంతిని హోల్‌లోకి దొర్లించే కర్ర, ఆ దెబ్బని పట్ అంటారు. ఒడిస్సీ కంపెనీ వైట్ హాట్ టూ-బాల్ పటర్ గురించి ముందే తేల్చి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇది గురి కుదురుస్తుంది, వేగం కుదర్చదు. నాలుగైదు అడుగుల పట్‌లు ఎప్పుడూ ఒకే పక్కకి తప్పుతున్నవాళ్లకు దీనికి పెట్టిన డబ్బు వృథా కాదు. ముప్పై అడుగుల నుంచి కొట్టిన బంతి హోల్‌కి ఆరడుగుల ముందే ఆగిపోతున్నవాళ్లకు మాత్రం ఇది ఏమీ చేయదు. ఈ తేడా తెలియక కొన్నవాళ్లే మూడు నెలల తర్వాత దీన్ని మూలన పడేస్తారు. తప్పు పటర్‌ది కాదు.

ఈ పటర్ పేరు వచ్చినప్పుడల్లా వెంటే వినిపించే పేరు అనికా సోరెన్‌స్టామ్. స్వీడన్‌లో 1970లో పుట్టి, అమెరికాలో అరిజోనా యూనివర్సిటీ తరఫున ఆడి, 1994లో ఎల్పీజీఏ టూర్‌లో, అంటే అమెరికా మహిళల ప్రొఫెషనల్ టోర్నీల వరసలో, ఉత్తమ కొత్త క్రీడాకారిణిగా నిలిచి, 72 ఎల్పీజీఏ టైటిళ్లు, మేజర్లనే అతి పెద్ద టోర్నీలు 10 గెలిచి 2008 చివర్లో ఆట విరమించిన మనిషి. 2002లో ఆమె 23 ఎల్పీజీఏ టోర్నీలు ఆడి 11 గెలిచింది. ఆ సీజన్ మొత్తం మీద 18 హోళ్ల రౌండుకు సగటు స్కోరు 68.70. గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచిది. ఆ రోజుల్లో ఆమె చేతిలో ఉన్నది ఈ టూ-బాలే. అమ్మకాలు ఒక్కసారిగా ఎగబాకడానికి ఆమె గెలుపులు పెద్ద కారణం.

అయితే ఆ కెరీర్‌ని పటర్ ఖాతాలో వేయకూడదు. టూ-బాల్ మార్కెట్లోకి రాకముందే, 2001 ముగిసేసరికి, ఆమెకు 31 టైటిళ్లున్నాయి. 1995, 1996లో వరసగా రెండు యూఎస్ విమెన్స్ ఓపెన్లు గెలిచింది. 2001 మార్చి 16న ఫీనిక్స్‌లోని మూన్ వ్యాలీలో 59 కొట్టింది. పదో హోల్ నుంచి మొదలుపెట్టి మొదటి ఎనిమిది హోళ్లలో ఎనిమిది బర్డీలు, మొత్తం 13 బర్డీలు, ఒక్క బోగీ లేదు. హోల్‌కి నిర్దేశించిన దెబ్బల లెక్క పార్, దానికన్నా ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. ఎల్పీజీఏ టూర్‌లో అరవై లోపు స్కోరు చేసిన మొదటి మహిళ ఆమె. ఆ 59కీ ఈ పటర్‌కీ సంబంధం లేదు. ఎవరైనా అలా చెప్పి అమ్మబోతే నమ్మకండి.

మరి ఈ పటర్ ఆమెకు ఎందుకు నప్పింది? ఆమె ఆటలోనే జవాబుంది. హెన్రీ రైస్ కోచింగ్‌లో తయారైన ఆ స్వింగ్ ఐరన్ షాట్లను, అంటే లోహపు తల ఉన్న కర్రతో కొట్టే దెబ్బలను, గ్రీన్ మీదికి చేర్చడంలో తిరుగులేనిది. గ్రీన్ అంటే హోల్ చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి. అంతగా గ్రీన్లు తగిలే మనిషికి రౌండులో పది, పదిహేను, ఇరవై అడుగుల బర్డీ పట్‌లు వరసగా వస్తూనే ఉంటాయి. ఆ దూరాల్లో వేగం తేడా కొంచెమే, గురి తేడానే పెద్దది. గ్రీన్ బయటి నుంచి చిప్ అనే చిన్న దెబ్బ కొట్టి నాలుగడుగుల పార్ కాపాడుకునే ఆటకీ, పదిహేను అడుగుల బర్డీ కోసం రోజంతా ప్రయత్నించే ఆటకీ పటర్ నుంచి కావాల్సింది ఒకటే కాదు. ఆమెకి కావాల్సింది టూ-బాల్ ఇచ్చేదే.

తయారీ సంగతికొద్దాం. ఇది మ్యాలెట్ రకం, అంటే వెనక్కి సాగిన పెద్ద తల ఉన్న పటర్. ఫేస్ అంటే బంతికి తగిలే ముఖం. దాని వెనకాల రెండు తెల్లటి గుండ్రాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటి వ్యాసం గోల్ఫ్ బంతి వ్యాసమే, 42.67 మిల్లీమీటర్లు. బంతి ముందు పటర్ ఆనించగానే పైనుంచి చూసే కంటికి మూడు బంతులు వరసలో ఉన్నట్టు కనిపిస్తాయి. వరస వంకరైతే కన్ను వెంటనే పట్టేస్తుంది. ఆలోచన మూలం పటింగ్ పరిశోధకుడు డేవ్ పెల్జ్‌ది. ఆయన మొదట మూడు గుండ్రాలతో పటర్ చేశాడు. ఆటగాడి వైపు కొస హీల్ నుంచి అవతలి కొస టో వరకు ఉన్న వెడల్పు కన్నా ఫేస్ నుంచి వెనక్కి ఉన్న పొడవు ఎక్కువ కాకూడదన్న నియమం దగ్గర అది ఆగిపోయింది. రెండు గుండ్రాలకు తగ్గించాక నియమానికి లోబడింది. అసలు మూడో బంతి ఎలాగూ నేల మీద ఉంది కదా!

గురి ఎంత ముఖ్యమో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకి 54. ఫేస్ ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే మూడు మీటర్ల దూరంలో బంతి 52 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అంటే పదడుగుల పట్‌లో ఒక్క డిగ్రీ తప్పుకే బంతి అంచు మీద వేలాడుతుంది. కాస్త జోరుగా వెళ్తే అంచు తగిలి బయటికి తిరుగుతుంది. ఆరు మీటర్లకి అదే ఒక్క డిగ్రీ పది సెంటీమీటర్లు దాటుతుంది, హోల్ పక్క నుంచి పోతుంది. పటింగ్‌లో బంతి బయల్దేరే దిశని ఎక్కువగా నిర్ణయించేది ఇంపాక్ట్, అంటే బంతి తగిలే క్షణంలో ఫేస్ చూసే వైపే. చేతి కదలిక దారి ప్రభావం చాలా తక్కువ. నిలబడినప్పుడే ఫేస్ రెండు డిగ్రీలు పక్కకి ఉంటే, కొట్టేటప్పుడు చేతులు దాన్ని సర్దుకోవడానికి ప్రయత్నిస్తాయి. ఒకసారి సర్దుకుంటాయి, ఒకసారి సర్దుకోవు. ‘నా స్ట్రోక్ నిలకడగా లేదు’ అని బాధపడేవాళ్లలో చాలామందికి అసలు తప్పు స్ట్రోక్‌లో, అంటే పటర్ కదిపే తీరులో కాదు, నిలబడటంలో.

2019 నుంచి ఈ సంగతి ఇంకా బరువెక్కింది. అంతకుముందు ఎల్పీజీఏలో ఎంతోమంది క్రీడాకారిణుల వెనకాల బ్యాగు మోసే సహాయకుడు, అంటే క్యాడీ, నిలబడి ‘కొంచెం ఎడమ, సరే’ అని గురి సరిచేసేవాడు. కొత్త నియమాలు దాన్ని ఆపేశాయి. స్టాన్స్, అంటే కొట్టడానికి నిలబడే భంగిమ, తీసుకోవడం మొదలుపెట్టాక క్యాడీ బంతి వెళ్లాల్సిన లైన్ వెనక నిలబడకూడదు. గురి మొత్తం ఆటగాళ్ల కంటి మీదే పడింది. మ్యాలెట్ పటర్లు, గురి గీతలు, గుండ్రాలు ఇన్ని రకాలు రావడంలో ఈ మార్పుకీ కొంత వాటా ఉంది.

అనికా పద్ధతిలో ఈ పటర్‌కి సరిగ్గా సరిపోయే మరో అంశం ఆమె రొటీన్. స్వీడన్ జాతీయ కోచ్ పియా నీల్సన్ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. ఆలోచించే చోటు వేరు, ఆడే చోటు వేరు. వాలు చదవడం, దూరం చూడటం, నిర్ణయం తీసుకోవడం అన్నీ బంతి వెనకాల నిలబడి పూర్తిచేయాలి. ఒకసారి బంతి దగ్గరికి అడుగువేశాక మళ్లీ ఆలోచన ఉండకూడదు. టూ-బాల్‌తో ఈ పద్ధతి తేలిగ్గా కుదురుతుంది, ఎందుకంటే బంతి దగ్గర చేయాల్సిన గురి పని రెండు సెకన్లలో అయిపోతుంది. బంతి మీద ఉన్న గీతని లైన్‌కి పెట్టి, పక్క నుంచి కాకుండా వెనక నుంచి నడిచివచ్చి, పటర్‌ని ముందు ఆనించి, గుండ్రాలు గీతతో కలిశాయా చూసుకుని, ఆ తర్వాతే పాదాలు సర్దుకోవాలి. పాదాలు ముందు పెట్టి పటర్ తర్వాత పెడితే భుజాలు ఎటుంటే ఫేస్ అటే పోతుంది. గుండ్రాలని చూస్తూ ఆగిపోవడం మరో ప్రమాదం. ఐదారు సెకన్లు దాటి వాటినే చూస్తుంటే చేతులు బిగుసుకుంటాయి. ఒకసారి చూడాలి, హోల్ వైపు కళ్లు తిప్పాలి, కొట్టాలి.

కొనేముందు దుకాణంలోని పచ్చ కార్పెట్ మీద పది పట్‌లు కొట్టి నిర్ణయించడం సరిపోదు. ఈ పరీక్ష చేయండి. చదునైన చోట బంతి పెట్టండి. దానికి సరిగ్గా 50 సెంటీమీటర్ల ముందు బంతిని నిలబెట్టే చిన్న మేకులు, అంటే టీలు, రెండు గుచ్చండి, వాటి మధ్య ఖాళీ 60 మిల్లీమీటర్లు. బంతి టీలను తాకకుండా వెళ్తే గురి అటు ఇటు ఒక డిగ్రీ లోపల ఉన్నట్టు. అంటే అదే పట్ పదడుగుల దూరం నుంచి కూడా హోల్ తాకుతుంది. ముందు మీ పాత పటర్‌తో ఇరవై కొట్టండి, తర్వాత టూ-బాల్‌తో ఇరవై. రెండింటి మధ్య తేడా కనిపిస్తేనే కొనండి. తేడా లేకపోతే మీ గురి ముందే బాగుంది. మీ సమస్య వేరే చోట ఉంది. బంతులు అన్నీ ఒకే పక్క టీకి తగులుతుంటే గురి తప్పు, రెండు పక్కలా తగులుతుంటే స్ట్రోక్ తప్పు అని కూడా ఇక్కడే తేలిపోతుంది. టూ-బాల్ బాగుచేసేది మొదటి రకాన్నే.

ఇక ఈ పటర్ చేయలేనిదేమిటో చూడాలంటే మళ్లీ అనికా కెరీర్‌లోకే వెళ్లాలి. 2003 మేలో ఆమె టెక్సాస్‌లోని కొలోనియల్‌లో పురుషుల పీజీఏ టూర్ టోర్నీ ఆడింది. 1945లో బేబ్ జహారియాస్ తర్వాత ఆ పని చేసిన మొదటి మహిళ. మొదటి రౌండులో, మొదటి దెబ్బ పడాల్సిన గడ్డి దారులైన 14 ఫెయిర్‌వేలలో 13 తగిలాయి, 18 గ్రీన్లలో 14 తగిలాయి. అంత అందంగా ఆడి కూడా పార్ 70 మీద 71 కొట్టింది. కారణం 33 పట్‌లు. రెండో రౌండులో 74 కొట్టి నాలుగు స్ట్రోకుల తేడాతో కట్ తప్పింది, అంటే మిగతా రౌండ్లకి అర్హత పోయింది. మొదటి దెబ్బ నుంచి గ్రీన్ దాకా ఆ మనిషికి వంక పెట్టడానికి లేదు. ప్రపంచంలో గురి ఇంత కచ్చితంగా ఉన్నవాళ్లు అరుదు. అయినా అలవాటు లేని గ్రీన్లు, కొండంత ఒత్తిడి కలిసిన చోట పటింగ్‌లో స్ట్రోకులు పోయాయి. ఆ రోజు గుండ్రాలు అడ్డుకోలేకపోయాయి, అడ్డుకోవడం వాటి పనే కాదు.

మన కోర్సుల్లో వేగం సమస్య ఇంకా తీవ్రం. గోల్కొండ కోట పక్కనున్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్, విశాఖలోని ఈస్ట్ పాయింట్ లాంటి చోట్ల గడ్డి వేడి ప్రాంతాలకి చెందిన రకం. దానికి వాటం ఉంటుంది, అంటే గడ్డి ఒక వైపుకి వాలి పెరుగుతుంది. వాటం వెంట చూస్తే గడ్డి మెరుస్తూ లేతగా కనిపిస్తుంది, ఎదురుగా చూస్తే ముదురు రంగులో ఉంటుంది. మెరిసే వైపు బంతి పరుగెడుతుంది, ముదురు వైపు కుంటుతుంది. పొద్దున కోసిన గ్రీన్ సాయంత్రానికి నెమ్మదిస్తుంది. వానాకాలంలో మరీ. గ్రీన్ వేగం కొలిచే స్టింప్‌మీటర్ లెక్కలో 10 ఉన్న గ్రీన్ మీద ఇరవై అడుగులు పోయే పట్, 8 ఉన్న గ్రీన్ మీద పదహారు అడుగులకే ఆగుతుంది. ఈ నాలుగడుగుల తేడాని ఏ పటరూ పూడ్చదు. దీనికి ఒకటే దారి: రౌండుకి ముందు పది నిమిషాలు ఆరు, తొమ్మిది, పన్నెండు మీటర్ల నుంచి బంతులు కొట్టడం, హోల్‌ని కాకుండా గ్రీన్ అంచుని లక్ష్యంగా పెట్టుకోవడం. టూ-బాల్ కొన్నవాళ్లు ఈ సాధన మానేయడం చాలాసార్లు కనిపిస్తుంది. గుండ్రాల మీద నమ్మకంతో గురి ఒక్కటే చూసుకుంటారు. ఒకే గ్రీన్ మీద మూడేసి పట్‌లు అక్కడ పుడతాయి.

వైట్ హాట్ ఇన్సర్ట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అదీ వేగం సంగతే. ఫేస్‌లో అమర్చిన తెల్లటి యురేథేన్ ముక్క ఇది. తగిలినప్పుడు శబ్దం మెత్తగా, అణిగినట్టు వస్తుంది. చేతికి హాయిగా ఉంటుంది. చాలామంది ప్రొఫెషనల్స్ ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఈ తాకిడినే కోరుకోవడం వల్లే కంపెనీ ఆ పాత ఇన్సర్ట్‌ని ఓజీ పేరుతో మళ్లీ తెచ్చింది. కానీ స్టీల్ ఫేస్ పటర్ నుంచి దీనికి మారినవాళ్లకి మొదటి కొన్ని రౌండ్లు బంతి పొట్టిగా ఆగుతుంది. శబ్దం బట్టి దూరం లెక్కవేసే చెవికి పాత కొలత పనికిరాదు. మెత్తటి కవర్ ఉన్న ఖరీదైన బంతితో కలిస్తే తాకిడి మరీ మెత్తనై, మధ్యలో తగిలిందా అంచున తగిలిందా తెలియదు. గట్టి కవర్ బంతులు ఆడేవాళ్లకే ఈ ఇన్సర్ట్ ఎక్కువ హాయి. మెత్తటి బంతి వాడేవాళ్లు కొంచెం గట్టి ఫేస్ ఉన్న మోడల్‌ని కూడా పక్కన పెట్టి పోల్చుకోవాలి.

ఫిటింగ్‌లో తప్పులు జరిగేది ముఖ్యంగా పొడవు దగ్గర. 33, 34, 35 అంగుళాల్లో దొరుకుతుంది. దుకాణాల్లో ఎక్కువగా ఉండేది 34, 35. ఐదడుగులు, ఐదడుగుల మూడంగుళాల ఎత్తున్న మహిళలకి 35 అంగుళాల పటర్ ఇస్తే మోచేతులు పక్కకి వంగుతాయి, లేదా బంతికి దూరంగా నిలబడాల్సి వస్తుంది. అప్పుడు కళ్లు లైన్‌కి లోపలి వైపు ఉంటాయి, మూడు బంతుల వరసని పక్క నుంచి చూస్తున్నట్టవుతుంది. ఈ పటర్ ఉపయోగమంతా పైనుంచి చూడటంలోనే ఉంది గనక మిగతా పటర్ల కన్నా దీనికి పొడవు తప్పు ఎక్కువ నష్టం. సహజంగా వంగి, చేతులు భుజాల కింద వేలాడదీసి నిలబడండి. ఎడమ కంటి దగ్గర నుంచి ఒక బంతి జారవిడవండి. అది నేల మీది బంతి మీద పడాలి, లేదా ఒక అంగుళం లోపలి వైపు పడాలి. అంతకన్నా లోపల పడితే పటర్ పొడవు. అవతల పడితే పొట్టి.

పొడవు తగ్గించాలంటే పై నుంచి కోయాలి. ఒక అంగుళం కోస్తే హెడ్, అంటే పటర్ తల, చేతికి తేలిగ్గా అనిపిస్తుంది. ఊపేటప్పుడు తల బరువు ఎంత తెలుస్తుందో చెప్పే స్వింగ్ వెయిట్ లెక్కలో ఆరు పాయింట్ల దాకా తగ్గుతుంది. హెడ్ అడుగున 12 గ్రాముల లెడ్ టేప్, అంటే సీసపు టేప్, అంటిస్తే దాదాపు పాత బరువు వస్తుంది, రెండు గ్రాములకి ఒక పాయింట్ చొప్పున. టేప్ మధ్య గీతకి ఇరువైపులా సమానంగా వేయాలి, లేకపోతే ఫేస్ బ్యాలెన్స్ చెడుతుంది. టేప్ పని రౌండ్ మొదలవకముందే చేయాలి, ఆట మధ్యలో మార్చడం నియమాలకి విరుద్ధం. స్ట్రోక్ ల్యాబ్ అనే రకం షాఫ్ట్, అంటే కర్ర భాగం, ఉన్న మోడల్ అయితే కోయడానికి ముందు ఆలోచించాలి. దాని పైభాగం గ్రాఫైట్, చివర లోపల బరువు అమర్చి ఉంటుంది. సాధారణ స్టీల్ షాఫ్ట్ లాగా దాన్ని పైప్ కట్టర్‌తో కోయకూడదు. అలాంటప్పుడు మొదటే 33 అంగుళాలది తెప్పించుకోవడం మేలు.

లై, అంటే షాఫ్ట్ నేలతో చేసే కోణం, 70 డిగ్రీలు. లాఫ్ట్, అంటే ఫేస్ పైకి వాలిన కోణం, 3 డిగ్రీలు. లై గురించి కొందరు అతిగా కంగారుపడతారు. టో రెండు డిగ్రీలు పైకి లేచినా, పటర్‌కున్న లాఫ్ట్ కొంచెమే కాబట్టి గురి మారేది డిగ్రీలో పదో వంతు. అసలు ఇబ్బంది కళ్ల స్థానం మారడం, బంతి ఫేస్ మధ్య తగలకపోవడం. లాఫ్ట్ సంగతి వేరు. కొట్టేటప్పుడు చేతులు బంతి కన్నా ఒక అంగుళం ముందుకు పోతే రెండు డిగ్రీల దాకా లాఫ్ట్ పోతుంది, మిగిలేది ఒక్క డిగ్రీ. మన గ్రీన్ల మీది కాస్త ఎత్తైన గడ్డిలో బంతి కొద్దిగా కూరుకుని ఉంటుంది. ఒక డిగ్రీతో కొడితే అది గడ్డిలోకి నొక్కుకుని ఎగిరి దుముకుతుంది, మొదటి అడుగులోనే లైన్ తప్పుతుంది. ఈ పటర్‌కి షాఫ్ట్ వంపు వల్ల ఆఫ్‌సెట్ ముందే ఉంది, అంటే ఫేస్ షాఫ్ట్ కన్నా కొంచెం వెనక ఉంటుంది, చేతులు ఎలాగూ కొంచెం ముందున్నట్టే కనిపిస్తాయి. ఇంకా ముందుకి తోయకండి. పాదాల మధ్యకి కాకుండా, ఎడమ పాదం వైపు ఒక బంతి వెడల్పు జరిపి పెడితే సరిపోతుంది.

అందరికీ సరిపడని ఇంకో విషయం ఉంది. ఇది ఫేస్ బ్యాలెన్స్‌డ్ పటర్. షాఫ్ట్‌ని వేలి మీద అడ్డంగా నిలబెడితే ఫేస్ ఆకాశం వైపు చూస్తుంది. పటర్‌ని దాదాపు తిన్నగా వెనక్కీ ముందుకీ కదిపేవాళ్లకి ఇది నప్పుతుంది. తలుపు తెరిచి మూసినట్టు ఫేస్‌ని గుండ్రంగా తిప్పే స్ట్రోక్ ఉన్నవాళ్లకి ఇది సమయానికి మూసుకోదు, పట్ కుడికి పోతుంది. గుండ్రాలు ముద్దొచ్చాయని అలాంటివాళ్లు దీన్ని కొని, స్ట్రోక్‌ని మార్చుకోవడానికి తంటాలు పడతారు. అలాంటి స్ట్రోక్ ఉంటే టో కిందికి వేలాడే, మెడ వాలుగా ఉండే స్లాంట్ నెక్ మోడళ్లు చూడండి. పటర్ కోసం స్ట్రోక్ మార్చుకోవడం తలకిందుల పని.

భారత మహిళల గోల్ఫ్ విషయానికొస్తే, బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ కెరీర్ మొత్తం పటింగ్ విలువకి గట్టి రుజువు. 2021లో టోక్యో ఒలింపిక్స్ ఆడేనాటికి ఆమె ప్రపంచ ర్యాంకు 200. డ్రైవ్, అంటే మొదటి పెద్ద దెబ్బ, దూరంలో అమెరికా క్రీడాకారిణి నెల్లీ కోర్డా లాంటివాళ్ల కన్నా ఎంతో వెనక. అయినా కసుమిగసెకి కోర్సులో 67, 66, 68, 68 కొట్టి, 15 అండర్‌తో, అంటే పార్ కన్నా 15 తక్కువతో, నాలుగో స్థానంలో నిలిచింది. పతకం ఒక్క స్ట్రోక్ దూరంలో పోయింది. ఆమె ఆట చూసి దూరం కొట్టే పెద్ద కర్ర, అంటే కొత్త డ్రైవర్, కొనాలనుకునే అమ్మాయిల తల్లిదండ్రులు ముందు పటర్ సంగతి చూడాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకి మాత్రం పూర్తి సైజు టూ-బాల్ వద్దు. హెడ్ బరువుకి సన్నటి మణికట్లు వంగిపోతాయి, పొడవు కోసినా బరువు మిగులుతుంది. జూనియర్ సైజు మ్యాలెట్ ఏదైనా అంతకన్నా నయం.

గ్రిప్ మార్చుకునేటప్పుడు జాగ్రత్త. పటర్ గ్రిప్ ముందు భాగం చదునుగా ఉంటుంది, బొటనవేళ్లు దాని మీదే ఆనతాయి. ఆ చదును ఫేస్‌కి సరిగ్గా లంబంగా లేకపోతే గుండ్రాలు ఎంత చక్కగా ఉన్నా చేతులు ఫేస్‌ని పక్కకి తిప్పుతాయి. కొత్త గ్రిప్ వేసిన తర్వాత ఉన్నట్టుండి అన్ని పట్‌లూ ఒకే పక్కకి పోతుంటే ముందు చూడాల్సింది ఇదే. టేప్ మీది ద్రవం ఆరకముందే, పటర్‌ని నేల మీద ఆనించి, పైనుంచి చూస్తూ తిప్పి సరిచేయాలి. ఆరిపోయాక తిప్పడం కుదరదు. లావు గ్రిప్ వేస్తే చేతుల దగ్గర బరువు పెరిగి హెడ్ తేలికైనట్టు అనిపిస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి.

వాడినవి కొనడం తప్పేమీ కాదు. ఇరవై ఏళ్ల కిందటి అసలు వైట్ హాట్ టూ-బాల్ కూడా ఇవాళ బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే ఆ రెండు గుండ్రాలు పాతబడవు. అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకునేవాళ్లు ముందు కుడిచేతిదా ఎడమచేతిదా, పొడవెంత అన్నది అడిగి తెలుసుకోవాలి. వస్తువు చేతికొచ్చాక ఇన్సర్ట్ అంచు చుట్టూ గోరు పోనిచ్చి చూడండి, ఎక్కడైనా గోరు దిగితే జిగురు వదిలినట్టు. గుండ్రాల మీద చెక్కులు లేచి ఉంటే కంటికి గుండ్రం వంకరగా కనిపిస్తుంది. అది అందం సమస్య కాదు, గురి సమస్య. షాఫ్ట్ వంపు కూడా చూడాలి. బ్యాగులో నొక్కుకుని ఆ వంపు ఒక డిగ్రీ మారినా లై, ఆఫ్‌సెట్ రెండూ మారిపోతాయి. మరో పటర్ పక్కన పెట్టి పోల్చితే తెలుస్తుంది. నకిలీలు కూడా చాలా తిరుగుతున్నాయి. రెండు గుండ్రాలూ ఒకే సైజులో, ఫేస్‌కి సరిగ్గా లంబంగా ఉన్నాయా అన్నది స్కేలుతో కొలిస్తే నకిలీలో అసమానత సాధారణంగా బయటపడుతుంది. ఊహించలేనంత తక్కువ ధరకి సీల్ తీయని పెట్టెలో వస్తే తీసుకోకండి.

నిర్వహణ కష్టమేమీ కాదు. ఇన్సర్ట్‌ని సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలు, థిన్నర్ దగ్గరికి రానీయకండి, యురేథేన్ మెత్తబడుతుంది. మే నెలలో పటర్‌ని కారు డిక్కీలో రోజుల తరబడి వదిలేస్తే ఇన్సర్ట్ జిగురూ, గ్రిప్ టేపూ రెండూ కరిగి జారతాయి. వానలో ఆడాక హెడ్ కవర్ తీసి విడిగా ఆరబెట్టాలి. తడి కవర్ లోపలే ఉంచితే షాఫ్ట్ హెడ్‌లో దిగే చోట తుప్పు మొదలవుతుంది, అక్కడ మొదలైన తుప్పు బయటికి కనిపించేసరికి హెడ్ వదులవుతుంది. ప్రతి రౌండ్ తర్వాత గుండ్రాలని ఆరిన గుడ్డతో తుడిచి, కవర్ వేసి, ఐరన్లు తగలని అరలో పెట్టండి.